నియాన్ చేపల విలీనం

సమన్వయ శాఖ పని ఏమిటని అడిగితే, అందులో పనిచేసేవాళ్ళు కూడా గొంతు సవరించుకుని గాని జవాబు చెప్పరు. మిగతా శాఖలన్నీ ఒకదానితో ఒకటి కలిసి పనిచేస్తున్నాయా లేదా అని చూడటం దాని పని. చెయ్యడం లేదని తేలితే, చెయ్యడం లేదని పై ఆఫీసుకి రాస్తారు. పై ఆఫీసు ఆ కాగితం చూసి ఊపిరి పీల్చుకుంటుంది. అందరూ కలిసి పనిచెయ్యడం మొదలుపెట్టిన రోజున ఈ శాఖని ఎత్తెయ్యాల్సి వస్తుంది కదా మరి.

ఆ శాఖ ప్రాంతీయ కార్యాలయంలో పొట్నూరు త్రినాథరావు సీనియర్ అసిస్టెంటు. బక్కపలచటి మనిషి. ఎవరు ఏం మాట్లాడుతున్నా తప్పు తనదే అన్నట్టు తల ఊపుతాడు. అతని భార్య హైమావతి సోంపేట హైస్కూల్లో లెక్కల టీచరు. అతను జిల్లా కేంద్రంలో, ఆవిడ సోంపేటలో. శనివారం సాయంత్రం పాసింజరెక్కి వెళ్ళేవాడు, సోమవారం పొద్దున్నే పాసింజరెక్కి వచ్చేవాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇద్దరూ కలిసి కాపురం చేసిన రోజులు కూడితే లెక్కల టీచరుకే ఏడుపొస్తుంది. సోంపేటలో శాఖకి ఉపకార్యాలయం ఉంది. అందులో ఒక కుర్చీ ఖాళీగా ఉంది. భార్యాభర్తలని ఒకే ఊళ్ళో ఉంచాలనే నిబంధన కూడా ఉంది. ఈ మూడింటినీ సమన్వయం చేసే నాథుడు మాత్రం సమన్వయ శాఖలో లేడు. త్రినాథరావు ఏటా అర్జీ పెట్టుకునేవాడు. 'పరిశీలనలో ఉన్నది' అని ఏటా జవాబు వచ్చేది.

అలాంటి సమయంలో ప్రాంతీయ సంచాలకులు వేమకోటి శేషావతారం గారు ఒక కొండమీది విడిదిలో శిక్షణకి వెళ్ళొచ్చారు. శిక్షణ పేరు 'కార్యాలయ సిబ్బందిలో సహజీవన సంస్కృతి'. ఆ విడిదిలో భోజనాల గది మధ్య పెద్ద అద్దాల తొట్టి ఉందట. రంగురంగుల చేపలు అందులో ఒకదాని పక్కనుంచి ఒకటి ఒరుసుకోకుండా తిరుగుతున్నాయట. శిక్షకుడు ఆ తొట్టి వైపు చెయ్యి చూపించి, "చూడండి, వీటికి జీవోలు లేవు, మెమోలు లేవు, ఎంత చక్కగా ఉన్నాయో!" అన్నాడట. శేషావతారం గారు గారె ముక్క చేత్తో పట్టుకుని చాలాసేపు అలా చూస్తూ ఉండిపోయారట. తిరిగొచ్చిన మర్నాడే ఉత్తర్వు వెలువడింది.

'మన కార్యాలయమునందు ఒక సాముదాయిక మత్స్య నివాసము నెలకొల్పవలెను. అందు పెద్దవి, చిన్నవి, వెడల్పైనవి, సన్ననివి అగు చేపలను ఎట్టి తారతమ్యము లేక ఒకే నీటియందు ఉంచవలెను. సిబ్బంది ప్రతిదినము దానిని తిలకించి సహజీవనమును అలవరచుకొనవలెను. అలవరచుకొననివారిపై చర్య తీసుకొనబడును.'

ఉత్తర్వు కింద బాధ్యుడిగా త్రినాథరావు పేరుంది. అతను హడలిపోయి సంచాలకుల గదిలోకి వెళ్ళాడు.

"నాకు చేపల గురించి ఏమీ తెలీదు సార్. మా ఇంట్లో పులుసు పెడతారు గాని..."

శేషావతారం గారు చెయ్యెత్తి ఆపారు. "అలాంటి మాటలు ఇకమీదట వద్దు. చూడు త్రినాథరావ్, నీ అర్జీలన్నీ తిరగేశాను. కలిసి బతకడం మీద ఈ కార్యాలయంలో నీకున్నంత శ్రద్ధ ఇంకెవరికీ లేదు. అందుకే నిన్ను ఎంపిక చేశాను. ప్రధాన కార్యాలయం నుంచి మేడమ్ గారు తనిఖీకి వస్తారు. అప్పటిదాకా ఈ చేపలు కలిసిమెలిసి బతికాయనుకో, నీ సోంపేట బదిలీ మీద ఆ రోజే సంతకం పెడతాను."

త్రినాథరావు తల ఊపాడు. జీవితంలో మొదటిసారి సంతోషంతో ఊపాడు.

చేపల దుకాణంవాడు మంచి మాటకారి. ఉత్తర్వులో పెద్దవి, వెడల్పైనవి అని ఉన్నచోట ఏంజెల్ చేపలు చూపించాడు. ఒంటిమీద నల్లచారలతో, పైనా కిందా పొడుగాటి రెక్కలతో, ఇస్త్రీ కండువా వేసుకున్న పెద్దమనుషుల్లా నింపాదిగా కదులుతున్నాయి. అప్పటికి రూపాయి బిళ్ళంతే ఉన్నాయి. చిన్నవి, సన్ననివి అని ఉన్నచోట నియాన్ చేపలు చూపించాడు. చీపురుపుల్ల ముక్కంత ఒళ్ళు, ఒంటినిండా నీలం గీత, తోక దగ్గర ఎర్రగా. ఒకటి ఎటు తిరిగితే గుంపంతా అటే తిరుగుతుంది.

"రెండూ కలిపి ఉంచొచ్చా?" అని అడిగాడు త్రినాథరావు.

"ఇప్పుడా? బెమ్మాండంగా ఉంటాయి సార్."

"ఇవి పెరిగితే?"

"పెరిగితే మళ్ళీ రండి సార్" అన్నాడు దుకాణంవాడు, చేపల్ని నీళ్ళ సంచుల్లో పోసి రబ్బరు బ్యాండు బిగిస్తూ.

తొట్టిని వరండాలో పెట్టారు. రిబ్బను కత్తిరించారు. తొట్టి ముందు నిలబడి సిబ్బంది అందరూ సహజీవన ప్రతిజ్ఞ చేశారు. ఏంజెళ్ళ నడక చూసి శేషావతారం గారు ముచ్చటపడ్డారు. "ఏమి హుందాతనం! తొందర లేదు, తొట్రుపాటు లేదు. ఇవి పాలనాదక్షత ఉన్న చేపలు" అన్నారు. ఆ మాటతో ఆఫీసులో ఏంజెళ్ళు గెజిటెడ్ చేపలయ్యాయి, నియాన్లు నాన్ గెజిటెడ్ చేపలయ్యాయి. అధికారులు తొట్టి దగ్గరికి వస్తే పై నీళ్ళలోకి చూసేవారు, గుమాస్తాలు కింది నీళ్ళలోకి చూసేవారు.

కొన్నాళ్ళు నిజంగానే బాగా జరిగింది. త్రినాథరావు పొద్దున్నే వచ్చి చిటికెడు మేత వేసేవాడు. నియాన్లు గుంపుగా పైకి దూసుకొచ్చేవి. అవి తనని గుర్తుపడుతున్నాయేమోనని అతనికి అనుమానం కలిగి, ఆ అనుమానం బాగుండి, ఎవరితోనూ చెప్పకుండా దాచుకున్నాడు. సోంపేట వెళ్ళినప్పుడు భార్యకి చేపల కబుర్లే చెప్పేవాడు.

"అవి పెరుగుతున్నాయా?" అని అడిగింది హైమావతి ఒకసారి.

"ఏంజెళ్ళు పెరుగుతున్నాయి. నియాన్లు అంతే ఉన్నాయి."

"అలాగైతే జాగ్రత్తండీ" అంది ఆవిడ.

ఏంజెళ్ళు అరచేయంత అయ్యాక ఒక పొద్దున నియాన్ల గుంపు పల్చగా కనబడింది. త్రినాథరావు రాళ్ళ వెనకా మొక్కల వెనకా వెతికాడు. తొట్టి కింద నేలంతా వెతికాడు. అటెండరు గవరయ్య చీపురు పట్టుకుని చూస్తూ నిలబడ్డాడు.

"ఏటి ఎతుకుతున్నారు బాబూ? అద్గదీ, ఆ సారల సేప తినీసినాది. నానే సూసినాను. గుటుక్కున మింగీసి, ఏటీ ఎరగనట్టు అటు తిరిగిపోనాది."

త్రినాథరావు ఆ మాటే సంచాలకుల గదిలో చెప్పాడు. శేషావతారం గారు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు.

"'తినీసినాది' అనే మాట మన శాఖ పరిభాషలో లేదు. ఒక చేప కనబడకపోతే దాన్ని అనుమతి లేని గైర్హాజరు అంటారు. సంజాయిషీ అడుగు."

"ఎవర్ని సార్?"

"గైర్హాజరైనవాళ్ళని."

తాఖీదు తయారైంది. 'విధులకు అనధికారికముగా గైర్హాజరైన నియాన్లు తక్షణమే హాజరై సంజాయిషీ ఇచ్చుకొనవలెను' అని టైపు చేసి, చేపలకి కనబడేలా అక్షరాలు లోపలివైపుకి తిప్పి అద్దానికి అంటించారు. ఏంజెళ్ళు వచ్చి ఆ కాగితం ముందు కాసేపు నిలబడ్డాయి. మర్నాటికి గైర్హాజరీ ఇంకాస్త పెరిగింది.

త్రినాథరావు ధైర్యం చేసి ఒక మనవి చేసుకున్నాడు. "వేరే తొట్టి కొని ఏంజెళ్ళని విడిగా పెడదాం సార్. రెండు రకాలూ బతుకుతాయి."

శేషావతారం గారి మొహం ఎర్రబడింది. "విడదీయడమా! సమన్వయ శాఖలో కూర్చుని ఆ మాట అనడానికి నోరెలా వచ్చిందయ్యా? విడదీయడం మన విధానానికే విరుద్ధం."

ఆదివారం ఈ సంగతి విని హైమావతి పప్పు తాలింపు పెట్టడం ఆపింది. "మనిద్దర్నీ విడదీయడం మాత్రం విధానమేనేటండీ?" అంది. ఆవాలు మాడిపోయాయి.

ఈలోగా సంఘాలు రంగంలోకి దిగాయి. నాన్ గెజిటెడ్ సంఘంవాళ్ళు నల్లబ్యాడ్జీలు పెట్టుకుని తొట్టి ముందు బైఠాయించారు. కనిపించకుండా పోయిన ప్రతి నియాన్ స్థానంలో దాని కుటుంబంలో ఒకరికి కారుణ్య నియామకం ఇవ్వాలని డిమాండు చేశారు. గెజిటెడ్ అధికారుల సంఘం వెంటనే ఖండన ఇచ్చింది. రుజువు లేకుండా ఏంజెళ్ళ మీద అభాండాలు వెయ్యడం పాలనా వ్యవస్థ మనోధైర్యాన్ని దెబ్బతీస్తుందని, కొన్ని నియాన్లకి క్రమశిక్షణ లేకపోవడమే అసలు సమస్య అని అందులో ఉంది.

కారుణ్య నియామకం అడిగినవాళ్ళకి కార్యాలయం జవాబిచ్చింది. నియామకానికి మరణ ధ్రువపత్రం కావాలి. ధ్రువపత్రానికి శవం కావాలి. శవం లేనప్పుడు ఏడేళ్ళు కనబడకుండా పోతేనే మరణించినట్టు భావిస్తారు. నియాన్ చేప ఏడేళ్ళు బతకడమే అపురూపం కాబట్టి, బతికున్నంతకాలం అది బతికున్నట్టే లెక్క, చచ్చాక కూడా చాలాకాలం బతికున్నట్టే లెక్క. ఈ వాదన సంఘంవాళ్ళకి అర్థం కాలేదు. అర్థం కానిదాన్ని ఎలా ఎదిరించాలో తెలీక టీ తాగి లేచిపోయారు.

చివరికి విచారణ వేశారు. విచారణాధికారి ఉపసంచాలకురాలు సువర్చల గారు. నిక్కచ్చి మనిషని పేరు. తొట్టి ముందు కుర్చీ వేయించుకుని, కలం విప్పి, కన్నార్పకుండా కూర్చున్నారు. త్రినాథరావు చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాడు. పదకొండు గంటల టీ ఇంకా రాకముందే, అందరికన్నా పెద్ద ఏంజెల్ మెల్లగా కిందికి దిగింది. గుంపునుంచి కాస్త వెనకబడ్డ నియాన్ పక్కకి చేరింది. నోరు తెరిచింది. నియాన్ లేదు. ఏంజెల్ పెదవుల మధ్య ఎర్రటి తోక ఒక్క క్షణం ఆడి, అదీ లోపలికెళ్ళింది.

త్రినాథరావుకి ఇక దాచడానికి ఏమీ లేదు కదా అని నిశ్చింత కలిగింది.

"చూశారా మేడమ్?"

"చూశాను" అన్నారు సువర్చల గారు. ఆవిడకి జాయింటు సంచాలకుల పోస్టు రావలసి ఉంది. సిఫారసు చెయ్యవలసింది శేషావతారం గారు. "నేను చూసింది ఏమిటో రాసేముందు ఆలోచించాలి."

వారం ఆలోచించి ఇచ్చిన నివేదిక శాఖ చరిత్రలోనే గొప్పది. 'విచారణాధికారి సమక్షములో ఒక నియాన్ చేప, ఎట్టి ప్రతిఘటన చూపక, ఒక ఏంజెల్ చేపయందు ప్రవేశించినది. తిరిగి రాలేదు. తిరిగి వచ్చు ఉద్దేశము ఉన్నట్లు కనబడలేదు. రెండు జీవులు ఒకే శరీరమున నివసించుట సహజీవనమునకు పరాకాష్ఠ. దీనిని భక్షణ అనుట పొరపాటు. ఇది విలీనము.'

శేషావతారం గారు ఆ పేరా మూడుసార్లు పైకి చదివారు. "ఎంత అందమైన మాట!" అన్నారు.

ఆనాటినుంచి చిక్కులన్నీ విడిపోయాయి. త్రినాథరావు రోజూ ఇచ్చే నివేదికలో చేపల సంఖ్య ఎప్పుడూ తగ్గలేదు. నియాన్లు అన్నీ ఉన్నాయి, కొన్ని విడిగా, కొన్ని విలీనంగా. రానురాను విడిగా ఉన్నవి తగ్గి, విలీనంగా ఉన్నవి పెరిగాయి. అతను పొద్దున్న మేత వేస్తే పైకి దూసుకొచ్చేవి కూడా తగ్గిపోయాయి. ఒకరోజు మేత నీళ్ళమీద తేలుతూ ఉండిపోయింది. ఏంజెళ్ళకి ఆకలి లేదు. త్రినాథరావు మేత డబ్బా మూత పెట్టి, తన సీటుకి పోకుండా, సైకిలు స్టాండు దగ్గరికెళ్ళి కాసేపు నిలబడి వచ్చాడు.

మేడమ్ గారు తనిఖీకి వచ్చిన శనివారం ఆఫీసంతా ఫినాయిలు వాసన. ఆవిడ రాష్ట్ర ముఖ్య సంచాలకురాలు. నడుస్తూనే ప్రశ్నలు అడుగుతారు, జవాబు వినేసరికి పక్క గదిలో ఉంటారు. తొట్టి దగ్గర మాత్రం ఆగారు.

"సాముదాయిక తొట్టి అని రాశారు. నాకు పెద్ద చేపలే కనబడుతున్నాయి. చిన్నవి ఏవి?"

"ఉన్నాయి మేడమ్" అన్నారు శేషావతారం గారు చేతులు నలుపుకుంటూ. "లోపల."

"ఏ లోపల?"

సువర్చల గారు నివేదిక తెరిచి ఆ పేరా చదివారు. మేడమ్ గారు కదలకుండా విన్నారు. తరవాత తొట్టి చుట్టూ ఒకసారి తిరిగారు.

"అంటే... చిన్న వాటికి విడిగా మేత అక్కర్లేదు?"

"అక్కర్లేదు మేడమ్."

"విడిగా చోటు అక్కర్లేదు?"

"అక్కర్లేదు మేడమ్."

"కాని లెక్కలో ఉంటాయి?"

"ఒక్కటీ తగ్గదు మేడమ్."

మేడమ్ గారి కళ్ళు మెరిశాయి. "శేషావతారం, మీరు చేపల తొట్టి పెట్టలేదు. పాలనా సంస్కరణ కనిపెట్టారు. దీన్ని రాష్ట్రమంతా అమలుచేద్దాం" అంటూ కారెక్కారు.

కారు గేటు దాటిందో లేదో, గవరయ్య తొట్టి మీదికి వంగి కేకేశాడు. "బాబూ, ఇదొకటుండిపోనాది!"

నీళ్ళు శుభ్రం చేసే గొట్టం వెనక ఇరుకు సందులో ఒక్క నియాన్ ఉంది. ఏంజెళ్ళకి అక్కడ మూతి పట్టదు. చిక్కి సగమైంది, ఒంటి మీద నీలం గీత వెలవెలబోయింది గాని బతికే ఉంది.

శేషావతారం గారు పరుగున వచ్చి చూసి నుదురు పట్టుకున్నారు. "అన్నీ విలీనమైనట్టు ఇందాకే మేడమ్ గారికి నివేదించాం. రికార్డు ప్రకారం ఈ చేప ఇక్కడ లేదు. లేని చేప ఇలా కళ్ళ ముందు తిరిగితే నా మాటకి విలువేముంటుంది?" ఆయన త్రినాథరావుని గదిలోకి పిలిచి బదిలీ ఉత్తర్వు బల్లమీద పరిచారు. టైపు చేసి సిద్ధంగా ఉంది. కలం మూత తీసి పక్కన పెట్టారు. "ఆ గొట్టం పక్కకి జరుపు. పెండింగులో ఉన్న విలీనం పూర్తి చేసి రా. వచ్చేసరికి సంతకం ఉంటుంది."

త్రినాథరావు వరండాలోకి వచ్చాడు. చొక్కా చెయ్యి మడిచి నీళ్ళలో పెట్టాడు. గొట్టం మీద వేళ్ళు ఆనాయి. జరపడమంటే ఒక్క తోపు తొయ్యడమే. పెద్ద ఏంజెల్ అప్పుడే ఆ వైపుకి వచ్చి, జరగబోయేది తెలిసినట్టు, ఓపిగ్గా నిలబడింది. నియాన్ అతని వేళ్ళని చూసి మేత అనుకుందో ఏమో, సందులోంచి కాస్త ముందుకి వచ్చింది.

ఇన్నేళ్ళుగా చెప్పిందానికల్లా తల ఊపినవాడు, ఆ పూట ఎందుకు ఊపలేకపోయాడో అతనికీ తెలీదు. కింద బల్ల మీద తన టిఫిన్ క్యారేజీ ఉంది. మధ్య గిన్నెలో మజ్జిగన్నం తిని కడిగేశాడు. ఆ గిన్నెతో తొట్టిలోంచి నీళ్ళు ముంచాడు. గిన్నెని గొట్టం దగ్గరికి ఒంపి, వేలితో మెల్లగా అదిలించాడు. నియాన్ గిన్నెలోకి జారింది. గవరయ్య అంతా చూసి, అటు తిరిగి, లేని బూజు దులపడం మొదలుపెట్టాడు.

"పూర్తయిందా?" అని అడిగారు శేషావతారం గారు.

"తొట్టిలో నియాన్ ఏదీ లేదు సార్" అన్నాడు త్రినాథరావు. అన్నది నిజమే.

సంచాలకులు తృప్తిగా కలం అందుకున్నారు. అప్పుడే ఫోను మోగింది. కారులోంచి మేడమ్ గారే. శేషావతారం గారు నిలబడి మాట్లాడి, నిలబడే కలానికి మూత పెట్టేశారు.

"సంస్కరణ మొదలైపోయిందయ్యా. రాష్ట్రంలో ఉపకార్యాలయాలన్నిటినీ ప్రాంతీయ కార్యాలయాల్లో విలీనం చేసేశారు. సోంపేట ఆఫీసు ఇప్పుడు ఈ ఆఫీసు లోపల ఉంది. లేని ఆఫీసులో లేని కుర్చీలోకి నిన్నెలా పంపను?"

ఆ సాయంత్రం పాసింజర్లో త్రినాథరావు క్యారేజీని ఒళ్ళో పెట్టుకుని, కుదుపొచ్చినప్పుడల్లా రెండు చేతులతో పట్టుకుంటూ సోంపేట చేరాడు. హైమావతి గిన్నెలు కడగడానికని క్యారేజీ విప్పింది.

"మజ్జిగన్నం పట్టుకెళ్ళి చేపని పట్టుకొచ్చినారేటండీ?"

అతను జరిగింది చెప్పాడు. సంతకం ఎలా తప్పిపోయిందో కూడా చెప్పాడు. హైమావతి కొళాయి నీళ్ళు పొయ్యబోయి, మానేసి, ముందురోజు పట్టి ఉంచిన నీళ్ళు పెద్ద గాజు సీసాలో పోసి చేపని అందులోకి మార్చింది. "పోనీలెండి. మీరు రాకపోతే రాకపోయారు, ఇదైనా వచ్చింది" అంది. అని, ఏడ్చేసింది.

సోమవారం త్రినాథరావు ఆఫీసుకి వెళ్తే తన బల్ల లేదు. ఎవరి బల్లలూ లేవు. హాలంతా కడిగేసిన కళ్యాణమండపంలా ఉంది. మధ్యలో శేషావతారం గారు ఒక్కరే ఇరవై మూడు కుర్చీల మధ్య కూర్చుని ఉన్నారు. సంస్కరణ రెండో దశ అమలైందట. కింది ఉద్యోగులందరినీ సంచాలకుల్లో విలీనం చేశారు.

"రావయ్యా త్రినాథరావ్. నువ్వు నాలో ఉన్నావు" అన్నారాయన గంభీరంగా.

"జీతం సార్?"

"వస్తుంది. జీతాల విభాగాన్ని ఇంకా విలీనం చెయ్యలేదు."

"హాజరు?"

"అందరిదీ నేనే వేస్తున్నాను. వేలు నొప్పెడుతోంది."

"మరి నేను ఏం చెయ్యాలి సార్?"

"నాలో ఉండు."

"ఎక్కడ ఉండి సార్?"

శేషావతారం గారు విసుక్కున్నారు. "ఎక్కడుంటేనేమయ్యా? ఎక్కడున్నా నాలో ఉన్నట్టే."

గవరయ్య ట్రే నిండా టీ గ్లాసులతో వచ్చాడు. టీ తేవడానికి మనిషి కావాలి కాబట్టి అతనిది పాక్షిక విలీనం. విలీనమైన సిబ్బంది అందరి టీలూ సంచాలకులే తాగాలి, లేకపోతే ఆడిట్లో అభ్యంతరం వస్తుంది. శేషావతారం గారు నాలుగో గ్లాసు అందుకోవడం చూసి, త్రినాథరావు నమస్కారం పెట్టి మెల్లగా వెనక్కి నడిచాడు. స్టేషనుకి వెళ్ళేదాకా నడిచాడు. మధ్యలో ఎవరూ ఆపలేదు. ఆపడానికి ఎవరూ లేరు.

మధ్యాహ్నం హైస్కూలు గేటు దగ్గర అతన్ని చూసి హైమావతి కంగారుగా వచ్చింది. "ఏటయ్యింది? ఒంట్లో బాలేదా? సెలవు పెట్టినారా?"

"లేదు. సంచాలకుల కడుపులో ఉన్నాను" అన్నాడు. ఆవిడకి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక, పిల్లలు చూస్తున్నారని కూడా చూడకుండా, గేటు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

ఆ విధంగా ఎన్ని అర్జీలకీ దొరకని కాపురం వాళ్ళకి దొరికింది. త్రినాథరావు పొద్దున్నే కూరలు తెచ్చేవాడు, ఆవిడకి క్యారేజీ కట్టేవాడు. ఒంటరి నియాన్ సీసాలో ఒక మూల నక్కి ఉంటోందని, అది గుంపు చేప అని, హైమావతి తీసికెళ్ళి ఒక చిన్న తొట్టీ, పది నియాన్లూ కొనిపించింది. పెద్ద చేపల జోలికి పోలేదు. కొన్నాళ్ళకి పాత నియాన్‌కి రంగు తిరిగొచ్చింది. ఏది పాతదో ఏది కొత్తదో చెప్పలేనంతగా వాటిలో కలిసిపోయింది.

వానలు మొదలయ్యాక ఒక ఉదయం సరిగ్గా పదింటికి తలుపు చప్పుడైంది. గుమ్మంలో శేషావతారం గారు. కారు లేదు, వెనక ఫైలు మోసే మనిషి లేడు. చంకలో గొడుగు. మనిషి కాస్త కుంచించుకుపోయినట్టు కనబడ్డారు.

"సార్! మీరేంటి ఇలా..."

"మూడో దశ అయిందయ్యా" అన్నారు ఆయన కుర్చీలో కూలబడి. ప్రాంతీయ సంచాలకులందర్నీ ముఖ్య సంచాలకుల్లో విలీనం చేసేశారట. ఏంజెళ్ళని కూడా పట్టుకెళ్ళి ప్రధాన కార్యాలయం తొట్టిలో కలిపారట. ఆ తొట్టిలో ఆస్కార్ అని పళ్ళెమంత చేపలున్నాయట. ఆ తరవాతి సంగతి ఆయన చెప్పలేదు, వీళ్ళు అడగలేదు.

హైమావతికి ఆ రోజు స్థానిక సెలవు. కాఫీ తెచ్చి ఇచ్చింది. ఆయన గ్లాసు చేతిలోనే పట్టుకుని నెమ్మదిగా అడిగారు.

"నువ్వు ఎలా బతుకుతున్నావయ్యా? నా జీతం నాకు వస్తోంది. తిండికి లోటు లేదు. కాని పదయ్యేసరికి కాళ్ళు ఆగడం లేదు. ఎక్కడికి పోవాలో తెలీదు. నిన్నంతా బస్టాండులో కూర్చున్నాను. పోనీ నాలో విలీనమైనవాడు ఒకడున్నాడు కదా అని నీ దగ్గరికి వచ్చాను."

త్రినాథరావు అలవాటుగా తల ఊపాడు. శేషావతారం గారు తొట్టి ముందుకి కుర్చీ జరుపుకుని అయిదింటిదాకా కూర్చుని, లేచి వెళ్ళిపోయారు. మర్నాడు పదింటికి మళ్ళీ వచ్చారు. ఊళ్ళోనే లాడ్జిలో దిగారట. మూడోరోజూ వచ్చారు.

"ఇదేటండీ? మనం కలిసున్నామో లేదో, మన మధ్య ఈయనొచ్చి కూర్చున్నారు" అంది హైమావతి వంటింట్లో.

"పాపం, ఎక్కడికి పోతారు?"

ఆవిడ తొట్టి వైపు తొంగి చూసింది. "వచ్చినాయన ఎలాగూ వచ్చినారు. తొట్టిలో సగం నీళ్ళు మార్చాలి. ఆయన్ని మార్చమనండి."

త్రినాథరావు బిక్కచచ్చిపోయాడు. సంచాలకులకి పని చెప్పడమా! హైమావతే వెళ్ళి అడిగింది. శేషావతారం గారు నొచ్చుకోలేదు. ఆశగా తలెత్తారు గాని, వెంటనే సందేహంలో పడ్డారు.

"చెయ్యడానికి అభ్యంతరం లేదమ్మా. కాని రాతపూర్వకమైన ఉత్తర్వు లేకుండా నేను ఎప్పుడూ ఏ పనీ చెయ్యలేదు."

హైమావతి పిల్లల పరీక్ష కాగితాల కట్టలోంచి ఒక తెల్లకాగితం లాగింది. చేతిలో ఉన్న ఎర్ర పెన్నుతోనే రాసింది. 'శ్రీ వేమకోటి శేషావతారం గారు ప్రతి వారము తొట్టిలోని నీటిని సగము తీసివేసి, అంతే నీరు పోయవలెను. చేపలను బెదరగొట్టరాదు.' కింద సంతకం పెట్టి ఇచ్చింది.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. మొహంలోకి రక్తం వచ్చింది. భుజాలు నిటారయ్యాయి. చొక్కా చేతులు మోచేతుల పైదాకా మడిచి, బకెట్టు అందుకుని, ఆగారు.

"నకలు ఎవరికమ్మా?"

"చేపలకి" అంది హైమావతి.

సబబే అన్నట్టు తల ఊపి, శేషావతారం గారు ఆ కాగితాన్ని అక్షరాలు లోపలికి కనబడేలా తొట్టి అద్దానికి ఆనించి, నీళ్ళు తోడటం మొదలుపెట్టారు.